సెంటినెల్ లింఫ్ గ్రంథి బయాప్సీ

సెంటినెల్ లింఫ్ గ్రంథి బయాప్సీ అనునది మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మపు కాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకినదో లేదో తెలుసుకొనుటకు చేసే శస్త్రచికిత్స. చర్మంలోకి రంగు ద్రవ్యాన్ని ఎక్కించి, అది ప్రవహించిన దారిలో మొదట తగిలే గ్రంథిని గుర్తించి తీసి పరీక్షిస్తారు. సెంటినెల్ అనగా కాపలాదారు. రొమ్ము కాన్సర్‌లో కూడా ఈ పద్ధతి వాడుకలో ఉన్నది.

అవసరం

చర్మం నుండి వచ్చే లింఫ్ ద్రవం చంక, గజ్జ, మెడలలోని గ్రంథులలో వడపోయబడుతుంది. కాలికి పుండు పడితే గజ్జలో బిళ్ళ కట్టడం ఇందువల్లనే. మెలనోమా కణాలు కూడా సాధారణంగా ఈ దారినే పోతాయి. అయితే తొలిదశలో గ్రంథి ఉబ్బదు, చేతికి తగలదు. పూర్వం కొందరు వైద్యులు ముందుజాగ్రత్తగా ఆ ప్రాంతపు గ్రంథులన్నిటినీ తీసివేసేవారు. వాటిలో చాలామందికి కాన్సర్ ఉండేదే కాదు. ఊరక చేయి లేదా కాలు వాపు మాత్రం మిగిలేది.

చరిత్ర

19వ శతాబ్దంలో ఫ్రెంచి శరీర నిర్మాణ శాస్త్రవేత్త సాపే శవాల లింఫ్ నాళాలలోకి పాదరసం ఎక్కించి వాటి పటాలు గీశాడు. వాటి ప్రకారం బొడ్డుకు పైభాగం చంకకు, క్రిందిభాగం గజ్జకు ప్రవహించాలి. కానీ బ్రతికియున్న రోగులలో ఈ సరిహద్దులు తరచు తప్పుతాయి. వీపు మధ్యనున్న మచ్చ నుండి ద్రవం రెండు చంకలకూ పోవచ్చు. కనుక ప్రతి రోగికీ దారిని విడిగా వెదకవలసినదే.

1977లో కబానాస్ పురుషాంగ కాన్సర్ విషయంలో సెంటినెల్ గ్రంథి భావనను వివరించాడు. 1992లో అమెరికాకు చెందిన డోనాల్డ్ మోర్టన్ బృందం 223 మంది మెలనోమా రోగులలో నీలి రంగును వాడిన ఫలితాలను ప్రచురించింది. పరిశీలించిన 237 గ్రంథి సమూహాలలో 194 చోట్ల సెంటినెల్ గ్రంథి దొరికింది.

విధానం

కణితి మందం 1 మిల్లీమీటరు దాటినవారికి సాధారణంగా ఈ పరీక్షను సూచిస్తారు. ముందుగా టెక్నీషియం-99ఎం కలిపిన ద్రవ్యాన్ని ఎక్కించి గామా కెమెరాతో చిత్రాలు తీస్తారు. దీని అర్ధాయువు సుమారు 6 గంటలు.

మత్తు ఇచ్చిన తరువాత మచ్చ చుట్టూ నీలి రంగును చర్మం పొరలోనికే ఎక్కించాలి. సూది క్రింది కొవ్వులోకి దిగితే రంగు సరియైన దారి పట్టదు. కొద్ది నిమిషాల తరువాత చిన్న కోత పెట్టి, నీలి దారం వలె కనిపించే నాళం వెంట పోయి నీలిబడిన గ్రంథిని తీస్తారు. ఆలస్యమైతే రంగు తరువాతి గ్రంథులకు దాటిపోతుంది. గామా ప్రోబ్ శబ్దం కూడా దారి చూపుతుంది. మచ్చ చుట్టూ చర్మాన్ని వెడల్పుగా ముందే కోసివేస్తే నాళాలు తెగిపోతాయి. కనుక రంగు ఎక్కించడం అంతకు ముందే జరగాలి.

రంగు ద్రవ్యాలు

ఐసోసల్ఫాన్ బ్లూ, పేటెంట్ బ్లూ, మిథిలీన్ బ్లూ ముఖ్యమైనవి. మొదటి రెండింటి వలన అరుదుగా తీవ్రమైన అలెర్జీ కలుగుతుంది. మిథిలీన్ బ్లూ చవక. కానీ ఎక్కించిన చోట చర్మం చచ్చుబడవచ్చు, కొన్ని మానసిక కుంగుబాటు మందులతో కలిస్తే ప్రమాదం. రంగు రక్తంలో కలిసినప్పుడు పల్స్ ఆక్సీమీటరు ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపుతుంది. మత్తు వైద్యుడు దీనిని గుర్తుంచుకోవాలి. మూత్రం ఒకటి రెండు రోజులు నీలి ఆకుపచ్చగా వస్తుంది, రోగికి ముందే చెప్పకపోతే కంగారుపడతాడు. ఇండోసయనిన్ గ్రీన్ అనే మరొక ద్రవ్యం వెలుగును పరారుణ కెమెరాతో చూడవలసి ఉంటుంది.

ఫలితాలు

ఈ బయాప్సీ ప్రధానంగా వ్యాధి దశను తెలుపుతుంది. 2014లో వెలువడిన ఎం.ఎస్.ఎల్.టి-1 తుది ఫలితాలలో మొత్తం రోగులను తీసుకుంటే మెలనోమా మరణాలు తగ్గినట్లు కనబడలేదు. గ్రంథిలో కాన్సర్ దొరికితే మిగిలినవన్నీ తీయాలనే ఆచారాన్ని 2017 నాటి ఎం.ఎస్.ఎల్.టి-2 మార్చివేసింది. అన్నీ తీయించుకున్నవారిలోను, అల్ట్రాసౌండ్‌తో గమనిస్తూ వచ్చినవారిలోను 3 సంవత్సరాల మనుగడ 86 శాతమే. లింఫ్ వాపు మాత్రం మొదటివారిలో 24.1 శాతం, రెండవవారిలో 6.3 శాతం.