వాల్తేరు దగ్గర చల్లనీళ్లు పైకి వచ్చిన కథ

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎండలు ముదురుతాయి కాబట్టి సముద్రం నీళ్లు కూడా వేడెక్కాలి కదా. విశాఖపట్నం తీరంలో మాత్రం ఆ రోజుల్లో ఒడ్డు పక్కన నీళ్లు దూరంగా ఉన్న నీళ్ల కంటే చల్లగా, ఉప్పగా ఉంటాయి. ఎందుకో కొలిచి చెప్పినది 1950ల్లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాళ్లు. వాస్కోడగామా 1498లో గాలి వాటున కాలికట్ చేరాడని మనం చరిత్రలో చదువుతాం. ఆ గాలి నీళ్లను ఏం చేస్తుందో అక్కడ ఉండదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త వాల్తేరు వచ్చారు. మన దేశంలో అప్పటికి అది కొత్త చదువు. ఆయన, అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు కలిసి నేవీ ఓడల్లో పోయి నీళ్ల వేడి, ఉప్పు కొలిచారు. ఆ కాలంలో లోతు నీళ్ల వేడి కొలవడానికి బాతీథర్మోగ్రాఫ్ అనే పరికరం వాడేవాళ్లు. తాడు కట్టి నీళ్లలోకి దించితే, లోపలి సూది చిన్న గాజు పలక మీద గీత గీస్తుంది. మొదట్లో పలకకు మసి పట్టించేవాళ్లు, తర్వాత పలుచగా బంగారం పూత పూశారు. కోలారు జిల్లా వాళ్లం కదా, బంగారం మాట వస్తే రాయకుండా ఉండలేను!

వాళ్లకు తెలిసినది ఇది. ఆ నెలల్లో నైరుతి గాలి తీరం పొడుగునా వీస్తుంది. భూమి తిరుగుతుంది కాబట్టి మన ఉత్తరార్ధగోళంలో పై నీళ్లు గాలికి కుడి పక్కకు జరుగుతాయి. ఈ లెక్కను 1905లోనే స్వీడన్ శాస్త్రవేత్త ఎక్‌మన్ వేశారు. మన తూర్పు తీరానికి కుడి పక్క అంటే లోపలి సముద్రమే. పై నీళ్లు అటు పోతే ఖాళీ నింపడానికి కింద నుంచి చల్లనీళ్లు ఉబికి వస్తాయి. దీన్నే అప్‌వెల్లింగ్ అంటారు. లాఫాండ్ వ్యాసం 1954లో అచ్చయింది.

నీళ్లు పైకి వస్తే ఏమవుతుందో మా రాయల్పాడు పక్క రైతులకు చెప్పనక్కర లేదు. చెరువు ఎండితే అడుగున ఉన్న పూడిక మట్టి ఎత్తి చేన్లకు తోలుతారు, సత్తువంతా దాంట్లోనే ఉంటుంది. సముద్రంలో కూడా చచ్చిన జీవులు, వాటి పెంట కిందికి దిగిపోతాయి. బాక్టీరియా వాటిని కుళ్లబెట్టి నైట్రేట్, ఫాస్ఫేట్‌గా మారుస్తాయి. అక్కడ ఎరువు ఉంది, వెలుతురు లేదు. పైన వెలుతురు ఉంది, ఎరువు తక్కువ. రెండూ కలిసేది నీళ్లు ఉబికినప్పుడే. కేజీఎఫ్ చాంపియన్ రీఫ్ గనిలో బంగారం కోసం మనుషులు 3 కిలోమీటర్ల పైగా లోతుకు దిగారు. సముద్రంలో గాలి 100, 200 మీటర్ల లోపలి నుంచే సొత్తు పైకి తెస్తుంది.

ఎరువు అందగానే డయాటమ్‌లు అనే కంటికి కనబడని మొక్కలు గుంపులుగా పెరుగుతాయి. వాటిని కోపిపాడ్‌లు, వాటిని కవళ్ల లాంటి చేపలు తింటాయి. వాల్తేరు లాసన్స్ బే దగ్గర ప్లాంక్టన్ ఎంత ఉందో పి.ఎన్. గణపతి గారు, సుబ్బారావు గారు లెక్కలు తీసి 1958లో ప్రచురించారు. చేపల బుట్టలో ఉన్నదంతా గాలితో మొదలైందని నాకు అప్పుడు అర్థమైంది. కానీ మనం గీసే ఆహార గొలుసు అంత తిన్నగా లేదు. ప్లాంక్టన్ నుంచి కారిన పదార్థాన్ని బాక్టీరియా తింటాయి, వాటిని ఇంకా చిన్న జీవులు తిని మళ్లీ గొలుసులోకి తెస్తాయి. దీన్ని 1983లో ఫరూక్ ఆజం బృందం వివరించింది.

ఎరువు ఎక్కువైతే మంచిదేనా? మన కర్ణాటక తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉబుకు ఉంటుంది. పెరిగిన ప్లాంక్టన్ చచ్చి దిగితే, కుళ్లబెట్టే బాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్ వాడేస్తాయి. అడుగున ఉండే చేపలు, రొయ్యలు తప్పించుకుపోవాలి, లేదా చావాలి. బంగాళాఖాతంలో ఇంకో చిక్కు. గంగ, గోదావరి, కృష్ణ తెచ్చిన తేలిక మంచినీళ్లు పైన మూత లాగా పరుచుకుంటాయి, గాలికి ఆ మూత ఎత్తడం కష్టం. సముద్రం పైన వేడెక్కేకొద్దీ మూత ఇంకా బిగుస్తుంది. పెరూ దేశంలో 1972లో ఎల్‌నినో వచ్చి వేడినీళ్లు కమ్మినప్పుడు ఆంకోవీ చేపల వేట కుప్పకూలింది.

నవంబరుకు మన వైపు గాలి ఈశాన్యం నుంచి తిరుగుతుంది. అప్పుడు పై నీళ్లు ఒడ్డుకే వచ్చి, పోయే చోటు లేక కిందికి దిగుతాయి. లాఫాండ్ తన వ్యాసం పేరులో పైకి రావడం, కిందికి దిగడం రెండూ పెట్టారు.