మాష్టారు ఆపిన చోట

నెగడు దగ్గరికి జరగండర్రా. అమ్మడూ, ఆ ఎండు తాటాకు కాస్త లోపలికి తొయ్యి. ఇందాక ఫోనులో చదివి వినిపించావే, డికెన్సు నవల గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్, 59 అధ్యాయాలూ మూడేసి ముక్కల్లో! అలాంటివి మా రోజుల్లోనూ ఉండేవి. గైడు అనేవాళ్లం.

హైస్కూల్లో మాకు ఇంగ్లీషుకి రెండు పుస్తకాలు. ఒకదాంట్లో ప్రతి మాటకీ అర్థం నేర్చుకోవాలి. రెండోది నాన్ డిటెయిల్డు, పెద్ద నవలని పిల్లల కోసం కుదించి అచ్చేసింది. మా ఏడు ఈ నవలే వచ్చింది. కుదించినా మాకు కొరుకుడు పడలేదు. గైడు తెచ్చుకుని అధ్యాయానికో పేరా బట్టీ పట్టాం. కథానాయకుడు పిప్ ఎవరని అడిగితే గడగడా చెప్పేవాళ్లం. వాడి కడుపులో బాధేమిటంటే ఒక్కడికీ తెలీదు.

అది చూసి ఉండబట్టలేక మా ఇంగ్లీషు మాష్టారు సాయంత్రాలు వాళ్ల అరుగు మీదికి రమ్మన్నారు. ఒక చాప, ఒక లాంతరు, అట్ట ఊడిన అసలు పుస్తకం. రోజుకో అధ్యాయం తెలుగులో చెప్పేవారు.

డికెన్సు దీన్ని 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారం వారం తన పత్రిక ఆల్ ద ఇయర్ రౌండ్‌లో వేశాడు. అప్పటికి అందులో నడుస్తున్న ఇంకొకాయన సీరియల్ జనానికి పట్టక అమ్మకాలు పడిపోతుంటే, పత్రికని నిలబెట్టడానికి తానే కలం పట్టాడు. ఎక్కడ ఆపితే జనం వచ్చే వారం మళ్లీ కొంటారో ఆయనకి బాగా తెలుసు. ఆ కిటుకు మా మాష్టారికీ అబ్బింది.

మొదటి అధ్యాయం కెంటు ప్రాంతపు చిత్తడి నేలల్లో, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం. శ్మశానంలో అమ్మానాన్నల సమాధుల దగ్గర ఒక్కడే నిలబడ్డ పిల్లాడు పిప్. కాలికి ఇనప సంకెలతో ఖైదీ వచ్చి వాణ్ణి తలకిందులుగా ఎత్తి దులిపాడు. పొద్దున్నే ఆకురాయీ తిండీ తేకపోతే గుండెకాయ పీకిస్తానన్నాడు. పిల్లాడు ఇంటికేసి పరుగు. మాష్టారు పుస్తకం మూసి, ఇక పొండి అన్నారు. ఆ రాత్రి ఎవడికి నిద్ర పట్టింది!

8వ అధ్యాయం గైడులో ఒక్క వాక్యం: పిప్ మిస్ హావిషామ్ ఇంటికి వెళ్లి అవమానపడ్డాడు. మాష్టారు దానికి రెండు సాయంత్రాలు తీసుకున్నారు. తొమ్మిదికి ఇరవై నిమిషాలుండగా ఆగిపోయిన గడియారాలు, పాతబడి పసుపెక్కిన పెళ్లిబట్టల్లో, ఒక్క కాలికే జోడుతో కూర్చున్న ముసలి పెళ్లికూతురు. ఆవిడ పెంచుకున్న పిల్ల ఎస్టెల్లా పిప్‌తో పేకాడుతూ వాడి మొరటు చేతుల్నీ బండ బూట్లనీ చూసి వెక్కిరించింది. వాడు బయటికొచ్చి గోడని తన్ని ఏడ్చాడు. మాలో సగం మంది పొలంలోంచి నేరుగా బడికొచ్చేవాళ్లం. అందరం మా చేతులకేసి చూసుకున్నాం.

ఇక 27వ అధ్యాయం. పిప్ అప్పటికి ఎవరో తెలియని దాత సొమ్ముతో లండన్‌లో దొరబాబు. వాణ్ణి కన్నబిడ్డలా పెంచిన కమ్మరి, బావ జో, చూడ్డానికి వచ్చాడు. డబ్బిచ్చి ఆపగలిగితే రాకుండా ఆపేసేవాణ్ణని పిప్ తానే చెప్పుకుంటాడు. జో టోపీ ఎక్కడ పెట్టినా జారి పడుతుంది. తాను ఎత్తుకు తిప్పిన పిల్లాణ్ణి మాటమాటకీ 'సార్' అంటాడు. వెళ్లేటప్పుడు, ఈ బట్టల్లో నేను నేను కానురా, కొలిమి దగ్గర చూడు నన్ను అని చెప్పి వెళ్లిపోతాడు. మాష్టారు గొంతు బొంగురుపోయింది. మనూరి నుంచి పట్నం చదువులకి వెళ్లి, పంచె కట్టుకుని చూడ్డానికొచ్చిన తండ్రిని స్నేహితులకి పాలేరని చెప్పినవాళ్లున్నారర్రా. ఇదీ ఆ కథే.

39వ అధ్యాయంలో గాలివాన రాత్రి పిప్ గదికి మెట్లెక్కి వచ్చినవాడు ఎవరో తెలుసుగా? చిన్నప్పటి ఆ ఖైదీయే. న్యూ సౌత్ వేల్స్‌లో గొర్రెలు మేపి గడించిన సొమ్ముతో పిప్‌ని దొరని చేశాడు. ఇంగ్లండు తిరిగొస్తే ఉరి అని తెలిసీ వాణ్ణి చూడ్డానికి వచ్చాడు. ఆ తర్వాత పడవలో పారిపోబోవడం, పట్టుబడటం, అతను పోవడం మీరే చదువుకోండి. జబ్బుపడ్డ పిప్‌కి సేవ చేసి, వాడి అప్పు తీర్చి, వాడు లేచేలోగా చెప్పకుండా వెళ్లిపోయేది మళ్లీ జోనే.

ముగింపు కూడా డికెన్సు రెండు రకాలుగా రాశాడు. మొదటిదాంట్లో పిప్, ఎస్టెల్లా కలుసుకుని విడిపోతారు. బుల్వర్ లిట్టన్ అనే రచయిత మిత్రుడు చెబితే మార్చి ఆశ మిగిల్చాడు. నా మటుకు మొదటిదే సరైనది. అంత జరిగాక వాళ్లు కలవడం నేను నమ్మలేను.

మన నవల పుట్టిందీ ఇలా విడతలుగానే. వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికలో మొదలై 1880లో పుస్తకమైంది. మా అమ్మకి చదువు రాదు. వారపత్రిక వచ్చిన రోజు అక్క సీరియల్ చదివి వినిపించేది. తర్వాతేమవుతుందో అని ఇరుగమ్మలతో వారమంతా తర్కించేది అమ్మ. కథలో మనుషులు ఆ వారం రోజులూ మా ఇంట్లోనే ఉండేవాళ్లు. ఫోనులో పది నిమిషాల్లో అయిపోతే వాళ్లు మీ ఇంట్లో ఎక్కడుంటారు?

సంక్షిప్తం చదవొద్దనను. దారి తెలుసుకోడానికి పనికొస్తుంది. కానీ అమ్మడూ, ఈ సెలవుల్లో అసలు పుస్తకం తెచ్చుకో. రోజుకో అధ్యాయం చాలు, రెండోది తెరవకు. 27వది మాత్రం నాకు చదివి వినిపించు.