విశ్వవిద్యాలయములలో జానపద విజ్ఞానము – జ్ఞాపకముల సాక్ష్యము

జానపద వాఙ్మయమునకు మన విశ్వవిద్యాలయములలో స్థానము లభించి 70 సంవత్సరములు కావచ్చినది. ఈ కాలములో వెలువడిన సిద్ధాంత వ్యాసములును గేయసంపుటములును గ్రంథాలయములలో నున్నవి. అవి ఎట్లు సిద్ధమైనవో, ఎవరు ఎవరి ముంగిట కూర్చుండి ఏమి యడిగి వ్రాసికొనిరో తెలుపు చరిత్ర మాత్రము చాలవరకు శాఖలలో పనిచేసినవారి నోటనే నిలిచియున్నది. ఊరూర తిరిగి ఇతరుల నోటిమాట నెత్తివ్రాసిన శాస్త్రము తన కథను వ్రాసికొనుటలో ఇంత అలసత చూపుట వింతగా తోచును. ఉస్మానియా తెలుగు శాఖలో ఆరంభమైన కృషిని ముఖ్యముగా గ్రహించి, అట్టి జ్ఞాపకములకు గల విలువను ఇచట విచారింపదలచితిమి.

పాటల సేకరణము విశ్వవిద్యాలయములతో పుట్టినది కాదు. 1874లో జె. ఎ. బాయిల్ ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో తెలుగు వీరగేయములనుగూర్చి వ్రాయుచు సర్వాయి పాపని పాటను ప్రకటించెను. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి అచ్చువేయించిరి. నేదునూరి గంగాధరముగారు పాటలను, సామెతలను ఏండ్ల తరబడి కూర్చిరి. ఈ కృషి యంతయు వ్యక్తుల యభిరుచిమీద నడచినది. పాఠ్యప్రణాళికలో దానికి చోటు లేదు. ఇక 1918లో ఏర్పడిన ఉస్మానియాలో బోధనభాష ఉర్దూ. తెలుగు అచట ఒక పాఠ్యవిషయము మాత్రమే.

అట్టి చోట ఖండవల్లి లక్ష్మీరంజనముగారి పర్యవేక్షణలో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను పరిశోధనాంశముగా స్వీకరించిరి. ఆ శాఖలో తెలుగున తొలి డాక్టరేటు ఆ కృషికే లభించెను. ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో గ్రంథరూపమున వెలువడెను. తొలి పట్టము ఏ ప్రబంధమునకో ఏ వ్యాకరణమునకో గాక పల్లెపాటలకు దక్కుట ఆ శాఖ చేసికొన్న భాగ్యమని మేము తలంతుము. దీనికి ఒక వ్యక్తి అభిరుచి ఎంత కారణమో కాలము నంత కారణము. 1949లో సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువడి, రాజుల యుద్ధములకన్న ప్రజల తిండి బట్టలు, ఆటపాటలు చరిత్రకు ముఖ్యములని చాటినది. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటమున పల్లెపదములు, బుర్రకథలు జనమును కదలించినవి. పాటకు గల శక్తిని కన్నులార చూచిన తరము విశ్వవిద్యాలయములో కాలుమోపినది.

రామరాజుగారి గ్రంథము దారి వేసినది. వేసిన దారిలోనే బండ్లన్నియు పోయి పోయి చక్రముల గాడి లోతుపడుటయు కలదు. వారి అనంతరము వచ్చిన సిద్ధాంత వ్యాసములను వరుసగా చదివినవారికి ఈ మాట కొత్త కాదు: స్త్రీల పాటలు, శ్రామిక గేయములు, భక్తిగేయములు, పిల్లల పాటలు – జిల్లా పేరు మారును, ప్రకరణముల పేర్లు మారవు. నాయని కృష్ణకుమారిగారు గేయగాథల నిర్మాణమును, తంగిరాల వెంకట సుబ్బారావుగారు వీరగాథలను ప్రత్యేకముగా పరిశీలించి ఈ గాడి నుండి బయటపడిరి. తక్కినవారిలో పెక్కురకు పాట సామగ్రి యయ్యెను. పాడినవారు అనుబంధములో నొక సంఖ్య యైరి.

ఈ నింద మాకును తగులును. సుమారు 20 ఏండ్ల క్రిందట మా సిద్ధాంత వ్యాసమునకై క్యాసెట్టు రికార్డరు చేతబట్టుకొని తిరిగిన దినములలో ఒక వృద్ధురాలు రెండు సాయంకాలములు మాకు నాట్ల పాటలు పాడినది. వ్యాసములో ఆమెను ‘సుమారు 70 ఏండ్ల వ్యవసాయ కూలీ’ అని వ్రాసితిమి. పేరు అడుగనే లేదు. పరీక్షకులలో నెవ్వరును ఆ లోపము నెత్తి చూపలేదు. ఆమె రెండవనాడు ఒక పాటను మధ్యలో ఆపి, ‘ఇది మగవాండ్ల ముందర పాడేది కాదు’ అన్నది. ఆ మాటయు వ్యాసమున కెక్కలేదు. గేయపాఠము సమగ్రము కాదని ఆ పాటనే వదలివేసితిమి. ఇపుడు తలచిన, మేము సేకరించిన వానిలో మిక్కిలి విలువగలది ఆ ఆపుటయే.

శాఖలలో పనిచేసి విశ్రాంతులైన పెద్దలతో మాటలాడునపుడు ఇట్టివే బయటపడుచున్నవి. వారు పుస్తకములో వ్రాసిన వర్గీకరణమును ఎన్నడును తలపరు. ఏ యూరిలో గుడి యరుగుమీద పడుకొనినది, ఏ గాయకుడు కల్లు పోయించిననే గాని నోరు విప్పననినది, ఏ గాయని కొడుకు ‘మా అమ్మ పాటతో మీకు ఉద్యోగము వచ్చును, ఆమెకేమి వచ్చును?’ అని నిలదీసినది – ఇవి చెప్పుదురు. ఒకే యాత్రనుగూర్చి ఇద్దరు చెప్పిన వృత్తాంతములు కలియవు. ఒకరు గురువుగారు పంపిరందురు; ఇంకొకరు గురువుగారు వద్దన్నను పోయితిమందురు. పాటకు పాఠాంతరముండుట సహజమని బోధించు మనము, ఈ భేదమును మతిమరుపుగా కొట్టివేయుట న్యాయము కాదు. ఎవరు ఏది మరచిరో, ఏది పెంచిరో, దానినిబట్టి ఆ శాఖ దేనిని గౌరవముగా నెంచెనో తెలియును.

పాడినవారి పేరు నిలుపుట అసాధ్యమేమియు కాదు. పల్నాటి కథనే చూడుడు. జీన్ రోఘైర్ అను అమెరికా పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్యగారు పాడిన కథను ధ్వనిముద్రణము చేసి, 1982లో ఆంగ్లమున తన గ్రంథమును ప్రకటించెను. మాల కులస్థుడైన ఆ గాయకుని పేరు, అతడు కథ చెప్పిన తీరు గ్రంథములో భాగములైనవి. వ్రాతప్రతి నాశ్రయించిన 1911 ముద్రణమును, ఈ గ్రంథమును పక్కపక్కన పెట్టి చదివించిన ఎం.ఏ. విద్యార్థులకు జానపద విజ్ఞానము ఏమి మార్పు చెందినదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ గాలెయ్యగారి పేరు మన తెలుగు శాఖల పాఠములలో ఎంత అరుదుగా వినవచ్చునో తలంచిన సిగ్గు కలుగును.

1985లో తెలుగు విశ్వవిద్యాలయము స్థాపితమైన పిదప వరంగల్లులో జానపద గిరిజన విజ్ఞాన పీఠము ఏర్పడినది. 1997లో కుప్పమున నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయములోను ఈ శాస్త్రమునకు శాఖ కలిగినది. తెలుగు సాహిత్యమునకు తోకగా నున్నది స్వతంత్ర శాస్త్రమైనది. గేయమేగాక పనిముట్టు, బొమ్మ, వాద్యము, ఆచారము పరిశోధనకు వచ్చినవి. ఇది నిజమైన అభివృద్ధి. కాని భవనములు పెరిగిన చోట్లనెల్ల జ్ఞాపకములు భద్రపడలేదు. పేరు చెప్పనక్కరలేని ఒక శాఖలో ధ్వనిముద్రికలను గోనెసంచిలో కట్టి మెట్లక్రింద నుంచుట మేము చూచితిమి. కొన్నింటిపై చీటీలు ఊడిపోయినవి. చెప్పగల ఆచార్యులు అంతకు కొద్దికాలము ముందే గతించిరి. వారి నొక గంటసేపు ఎవరైనను కూర్చుండబెట్టి వినిపించి యుండిన, ఆ గొంతులు ఎవరివో తేలియుండెడిది.

కావున శాఖలు చేయవలసినది పెద్ద పథకమేమియు కాదు. పరిశోధక విద్యార్థి పల్లెకు పోవుటకు ముందు, తన శాఖలోనే విశ్రాంతులైన ఒక్కరి యింటికి పోయి వారి జ్ఞాపకములను సేకరింపవలెను. తేది, స్థలము, అడిగినవారెవరు, అప్పుడు పక్కన ఎవరుండిరి అనునవి వ్రాయవలెను. పొసగని మాటలను సరిదిద్దక రెండింటిని ఉంచవలెను. పాడినవారి పేర్లను గ్రుచ్చి గ్రుచ్చి యడుగవలెను.

గత సంవత్సరము మేము ఆ యూరికి తిరిగి పోయితిమి. నాట్ల పాటలు పాడిన ఆమె లేదు. కుమార్తె ఉన్నది. క్యాసెట్టులోని గొంతు ఫోనులో వినిపింపగా, అది తన తల్లిది కాదు, మేనత్తది అన్నది. పొరుగింటి ముసలమ్మ, కాదు, తల్లిదే అన్నది. ఇద్దరు చెప్పిన రెండు పేర్లను మా వ్యాసపు ప్రతిలో ఆ పుట అంచున వ్రాసి యుంచితిమి. ప్రకటించుటకు కుటుంబమువారి సమ్మతి కోరితిమి. వారింకను ఆలోచించుచున్నారు.