పగలు దాక్కునే పురుగు

రాత్రి తొమ్మిదిన్నర. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు షట్టర్లు దించేస్తున్న వేళ. గవర్నర్‌పేటలో మా సందులోకి ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలు వచ్చారు. ఒకామె చేతిలో టార్చి, ఇంకొకామె చేతిలో గాజు పలకల పెట్టె. ఎదురింటి పెద్దాయన అప్పుడే మడతమంచం వాల్చుకుంటున్నాడు.

"ఏంటమ్మా, పగలంతా ఏం చేశారు? పడుకునే వేళ రక్తమేంటి?"

"పగలైతే అది దొరకదు బాబాయ్ గారూ. పొద్దుపోయాకే పైకొస్తుంది."

"ఏది?"

"బోదకాలు పురుగండీ."

ఆయన వేలు చాపాడు గానీ నమ్మినట్టు లేడు. వేలికొసన సూది గుచ్చి, రక్తం చుక్కలు పలక మీద రుద్ది, నంబరు వేసుకుని పక్కింటికి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ "పొద్దుపోయాకే" అన్న మాట వదల్లేదు. కంటికి కనిపించని పురుగుకి గడియారం చూడ్డం ఎవరు నేర్పారు?

1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే డాక్టరు మనిషి నెత్తుట్లో మెలికలు తిరిగే పిల్ల పురుగుల్ని చూశాడు. నాలుగేళ్ళకి ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాన్‌క్రాఫ్ట్‌కి తల్లి పురుగు దొరికింది. బెత్తెడు పొడవు, దారమంత సన్నం. మరి ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి ఎలా పోతోంది? 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్‌కి దోమ మీద అనుమానం వచ్చింది. ఆయన దగ్గర హిన్‌లో అనే పనివాడి రక్తంలో ఈ పురుగులున్నాయి. అతన్ని ఒక చిన్న గదిలో పడుకోబెట్టి, దీపం పెట్టి, దోమలు చేరాక తలుపు మూశారు. తెల్లారి నెత్తురు తాగి బరువెక్కిన దోమల్ని పట్టి, ఒక్కోదాన్నీ కోసి చూశాడు మాన్సన్. దోమ కడుపులో పురుగు పైతొడుగు విడిచి, కండల్లోకి చేరి పెరుగుతోంది! ఆ తర్వాత రాత్రీ పగలూ వరుసగా రోగుల రక్తం చూస్తే ఇంకో వింత బయటపడింది. పగలంతా పురుగు జాడ లేదు. చీకటి పడ్డాక మొదలై అర్ధరాత్రికి చుక్క చుక్కలోనూ ఉంది. దోమ కుట్టే వేళా అదే. వెలుగున్నంతసేపూ అది ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటుందని తర్వాత తేలింది.

మాన్సన్ ఒక చోట పొరబడ్డాడు. దోమ నీళ్ళలో పడి చస్తే, ఆ నీళ్ళు తాగినవాళ్ళకి జబ్బు వస్తుందనుకున్నాడు. పురుగు దోమ తొండంలోనే కాచుకుని ఉంటుందని 1900లో గానీ రుజువు కాలేదు.

మన కృష్ణా డెల్టాలో ఈ జబ్బుకి పుస్తకాలతో పనిలేని పేర్లున్నాయి. గజ్జల్లో బిళ్ళ కట్టి చలితో వచ్చేది బోద జ్వరం. మగవాళ్ళకి వచ్చేది వరిబీజం, దాని ఊసు ఇంట్లో కూడా ఎత్తరు. మా నాయనమ్మకి ఎడమ కాలు. పెళ్ళిళ్ళలో పందిరి చివర గుంజ పక్కనే కూర్చునేది, చీర కుచ్చెళ్ళు పాదం మీదికి లాక్కుని. జ్వరం తిరగబెడుతుందన్న భయంతో ఆ కాలికి నీళ్ళు తగలనిచ్చేది కాదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దుకుంటే ఆ జ్వరాలు చాలావరకు తగ్గుతాయని, చర్మం పగుళ్ళలోంచి క్రిములు లోపలికి పోవడమే వాటికి కారణమని ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. నాకు తెలిసేసరికి ఆవిడ లేదు. ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ ఆ పాదమే కళ్ళముందుంది.

మందు సంగతికొస్తే, అది మనవాడి చేతి చలవ. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. అదీ బోదకాలు సీమే. ఇద్దరు తోబుట్టువులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తనూ ఆ జబ్బు బారినే పడి బతికి బయటపడ్డాడు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1940లో న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకి వెళ్ళాడు. అప్పుడు యుద్ధం. పసిఫిక్ దీవుల్లో వేలమంది అమెరికా సైనికులకి ఫైలేరియా, అంటే ఈ బోదకాలు జబ్బే, సోకింది. అంతకుముందు వాడిన ఆంటిమొనీ సూదులు రోగిని కుంగదీసేవి. సుబ్బారావు బృందంలోని హీవిట్ ఈ జాతి పురుగులున్న కాటన్ ర్యాట్ అనే ఎలుకల్ని పెంచి, వాటి మీద ఒక్కో రసాయనమూ పరీక్షిస్తూ పోయాడు. పైపరజిన్ కుటుంబంలోని ఒక పదార్థం ఇచ్చేసరికి ఎలుక రక్తంలో పిల్ల పురుగులు మాయమయ్యాయి. సూది అక్కర్లేదు, నోటితో మింగితే చాలు. 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడు ప్యూర్టోరికోలో రోగులకి ఇచ్చి చూశారు. దానికి హెట్రజాన్ అని పేరు పెట్టారు. మన ఆరోగ్య కేంద్రాల్లో డీఈసీ మాత్రంటే అదే. మరుసటి ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయాడు. యాభై మూడేళ్ళు. వెళ్ళినవాడు మళ్ళీ ఈ నేల తొక్కలేదు. మాత్ర మాత్రం వచ్చింది.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రాజమండ్రిలో శిక్షణ కేంద్రం వెలిసింది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో అందరికీ ఏడాదికోసారి మాత్ర ఇవ్వడం దేశమంతటా జరిగింది. పెద్దవాళ్ళకి డీఈసీ మూడు, దానితో ఆల్బెండజోల్ ఒకటి. రెండేళ్ళలోపు పిల్లలకీ, గర్భిణులకీ, జబ్బుతో మంచాన పడ్డవాళ్ళకీ ఇవ్వరు. తల్లి పురుగు ఏళ్ళ తరబడి బతికి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. అందుకే వరసగా ఐదారేళ్ళు వేసుకోవాలి. జనాభాలో కనీసం నూటికి 65 మంది మింగితేనే దోమకి పురుగు దొరకడం తగ్గుతుంది.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. కాలు బాగున్నవాడు మాత్రెందుకు వేసుకుంటాడు? పురుగులున్నవాడికి మాత్ర పడగానే అవి చచ్చి, ఒళ్ళు వెచ్చబడుతుంది, తల తిరుగుతుంది. "మందు వికటించింది" అన్న మాట సాయంత్రానికల్లా పేటంతా పాకుతుంది. మాత్రలు తీసుకుని గూట్లో పెట్టేసిన ఇళ్ళు నాకు చాలా తెలుసు. గోడల మీద ఏనుగు కాలు బొమ్మలు వేసి భయపెట్టడం ఇంకా చెరుపు చేసిందని నా గట్టి నమ్మకం. జబ్బున్నవాళ్ళు ఆ బొమ్మ చూసి కాలు దాచుకున్నారు. లేనివాళ్ళు అది తమ సంగతి కాదనుకుని పక్కకి తప్పుకున్నారు.

ఆ ముడి విప్పడం నేను మా సందు మొగలోనే చూశాను, ఒక బుర్రకథలో. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి, షేక్ నాజర్ గొంతు ఈ కళని ఊరూరా తిప్పాయి. తొంభైల మొదట్లో నెల్లూరులో అక్షరాస్యత కళాజాతాలు, చదువు నేర్పే వాచకంలోని సీతమ్మ కథ దూబగుంట ఆడవాళ్ళని సారా మీద పోరుకి కదిలించాయి. బుర్రకథ కట్టుబాటులోనే సైన్సు పాఠం ఉందని మా సందులో కథ చూసిన రోజున నాకు తట్టింది. కథకుడు చెబుతుంటే అడ్డు తగిలి అడగడానికని పక్కన ఒక మనిషి ఉంటాడు. ఆ సాయంత్రం డక్కీ వాయిస్తున్న హాస్యగాడు తన పిక్క చరుచుకుని, "నా కాలు బంగారంలా ఉంది, నాకెందుకు మాత్ర?" అన్నాడు. జనమంతా అడగాలనుకున్నది అదే. కథకుడు గజ్జె ఆపి, "నీ కాలు చూడొచ్చిందా దోమ? నీ నెత్తురు చూడొచ్చింది!" అన్నాడు. తర్వాత జ్వరం సంగతీ అలాగే వచ్చింది. పురుగు చస్తూ చేసే అల్లరి అది, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది, అన్నం తిన్నాకే మాత్ర వేసుకోవాలి.

దగ్గర్లోని బడిలో ఒక టీచరమ్మ ఇంకో పని చేసింది. సైడుకాలువ నీళ్ళు గాజు సీసాలో పట్టి కిటికీలో పెట్టి, పిల్లల్ని బొమ్మ గీయమంది. గీయాలంటే తేరిపార చూడాలి. చూసినకొద్దీ పిల్లలకి తెలిసింది: లార్వా తల కిందులుగా వేలాడుతోంది, తోక దగ్గరి గొట్టాన్ని నీటి పైకి ఆనించి గాలి పీలుస్తోంది. పైన రెండు చుక్కలు నూనె వేస్తే ఆ గొట్టం మూసుకుపోయి చస్తోంది. ఆ వారంలోనే నాలుగైదు ఇళ్ళలో సెప్టిక్ ట్యాంకు గొట్టాలకి పిల్లలు వల గుడ్డ కట్టించారు.

ఎదురింటి పెద్దాయన మనవరాలు ఆ తరగతే. ఆ పిల్ల గీసిన బొమ్మలో మంచం మీద తాత, పైన దోమ, గోడకి గడియారం, ముల్లు పది మీద. తాత చేతిలోని ఎర్ర గీతలో సన్నటి పురుగులు బారులు తీరి వస్తున్నాయి.

మాత్రల రోజు కార్యకర్త వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు. పెద్దాయన భోజనం చేసి చెయ్యి తుడుచుకుంటున్నాడు. గోడ మీది బొమ్మ వైపు చూసి మనవరాల్ని అడిగాడు.

"ఇప్పుడు ఎక్కడుంటుందే అది?"

"ఊపిరితిత్తుల్లో దాక్కుని ఉంటుంది తాతయ్యా."

ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు.

"నీళ్ళు పట్రా," అన్నాడు.