రహస్య రేడియో, ప్రజల మనస్సు

మా సాయంకాలపు తెలుగు తరగతిలో ఒక విద్యార్థిని నన్ను అడిగినది: "గురువుగారూ, దేశం నుండి విడిపోదామని రేడియోలో ఎవరైనా చెబితే జనం మనస్సు మారిపోతుందా?" మంచి ప్రశ్న. దీనికి బంగ్లాదేశ్ చరిత్ర నుండి సమాధానం చెప్పవచ్చును.

తూర్పు పాకిస్తాన్ ప్రజల ఆవేదన రేడియోతో మొదలైనది కాదు. బెంగాలీకి రాజభాష హోదా కోరినందుకు 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థులు తుపాకి గుండ్లకు బలి అయినారు. 1970 ఎన్నికలలో అక్కడి 162 సాధారణ స్థానాలలో 160 అవామీ లీగ్ గెలిచినది. అయినను అధికారం దక్కలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా ప్రజలపై విరుచుకుపడినది.

మరునాడే చిట్టగాంగ్ సమీపమున కాలూర్‌ఘాట్ ప్రసార కేంద్రం నుండి బేలాల్ మొహమ్మద్, ఆయన మిత్రులు "స్వాధీన్ బంగ్లా" రేడియో ప్రారంభించినారు. 27న మేజర్ జియావుర్ రహమాన్ షేక్ ముజీబ్ పేరిట స్వాతంత్ర్య ప్రకటన చదివినాడు. 30న విమానాలు ఆ కేంద్రంపై బాంబులు వేసినవి. మే 25 నుండి ఆ రేడియో కలకత్తాలోని ఒక ఇంటి నుండి మరల పలికినది.

జనం తలుపులు మూసి, ధ్వని తగ్గించి వినేవారు. ముజీబ్ ఉపన్యాసాలను "వజ్రకంఠం" అనే పేరుతో వినిపించేవారు. అన్నిటికంటె ప్రియమైనది ఎం. ఆర్. అఖ్తర్ ముకుల్ చదివిన "చరమపత్రం". ఆయన దానిని గ్రంథభాషలో కాక, ఢాకా వీధులలో జనం మాట్లాడుకొనే యాసలో చదివేవాడు. సైనికులను ఎగతాళి చేసేవాడు. భయపెట్టేవాణ్ణి చూచి ఒకసారి నవ్వగలిగితే ఆ భయం సగం తగ్గుతుంది గదా!

ఐతే ఆ రేడియో చెప్పినదంతా నిజం కాదు. జనరల్ టిక్కా ఖాన్ హతుడైనాడని మార్చి చివర ప్రకటించినది. ఆయన 2002 వరకు జీవించినాడు. జనం కోరుకున్న వార్త గనుక సులభంగా నమ్మినారు. మరొక ప్రక్క ప్రభుత్వ రేడియో అంతా ప్రశాంతమనేది. కాలుతున్న ఊళ్ళు కంటికి కనబడుతుండగా దానిని ఎవరు నమ్ముతారు? వివేకవంతులు బీబీసీని, కలకత్తా ఆకాశవాణిని కూడా విని సరిచూచుకొనేవారు.

కనుక ఆ విద్యార్థినికి ఇట్లు చెప్పినాను: "అమ్మా, విత్తనం ఆ రేడియో వేయలేదు. అన్యాయం వేసినది. రేడియో నీరు పోసినది. నీటిలో బురద కూడా రావచ్చును. వడగట్టుకోవడం వినేవారి పని."

ఈ పాఠంలో నాకూ ఒక భాగం కలదు. నేను పుస్తకాల ద్వారా తెలుగు నేర్చుకున్నవాణ్ణి. పిల్లలు తమ అవ్వల నోట విన్న తెలుగు పలికితే, తప్పు అని ఎన్నో సార్లు దిద్దినాను. ఒక దేశం ధైర్యం తెచ్చుకున్నది అటువంటి ఇంటి మాటతోనే అని తెలిసిన తరువాత, ఆ దిద్దుబాట్లకు సిగ్గుపడుతున్నాను. పాఠకులారా, ఈ మారిషస్‌లో మీ ఇళ్ళలో అవ్వ మాట ఇంకా మిగిలియున్నచో పిల్లలను విననివ్వండి. ఇక మీదట నేను దానిని దిద్దను.