పెట్టెల్లో వచ్చిన రేసు కారు

లోటస్ సెవెన్ అనే కారుకు తలుపులు ఉండవు. సామాను పెట్టుకునే చోటు పేరుకే ఉంటుంది. వానొస్తే పైన కప్పుకోవడానికి ఒక గుడ్డ టాపు, అంతే. బరువు 500 కిలోలకు అటూ ఇటూ, అంటే మారుతి 800 కంటే దాదాపు క్వింటాలున్నర తక్కువ. బరువు తగ్గిస్తే చిన్న ఇంజన్‌తోనే వేగం వస్తుంది, మలుపులో కారు మాట వింటుంది, బ్రేకు వేస్తే వెంటనే ఆగుతుంది. దీన్ని రూపొందించిన కోలిన్ చాప్‌మన్ లెక్క ఇది. నిర్మాణ ఇంజనీరింగ్ చదివి, కొంతకాలం అల్యూమినియం కంపెనీలో పనిచేసిన చాప్‌మన్ 1952లో లండన్‌లోని హార్న్‌సీలో, తన తండ్రి నడిపే పబ్బు వెనకున్న పాత గుర్రపుశాలలో లోటస్ ఇంజనీరింగ్‌ను పెట్టాడు.

సెవెన్ 1957లో వచ్చింది. అప్పట్లో బ్రిటన్‌లో తయారైన కారు మీద కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాల మీద ఉండేది కాదు. బిగించిన సెవెన్ ధర 1,036 పౌండ్లు, అదే పెట్టెల్లో పెట్టి ఇస్తే 536. మన దగ్గర లారీ ఓనరు కంపెనీలో చాసీ కొని, విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లి బాడీ కట్టించుకునే పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. అయితే ఒక మెలిక ఉండేది. ఎలా బిగించాలో రాసి ఇస్తే పన్ను పడేది. అందుకని కారును ఎలా ఊడదీయాలో రాసి ఇచ్చేవారని, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకునేవారని చెబుతారు. నిజమైనా కాకపోయినా, చాప్‌మన్ తత్వం తెలిసినవాళ్లు నమ్మే కథే.

సెవెన్‌కు ఏడాది ముందే వచ్చిన లోటస్ ఎలెవెన్ అచ్చంగా రేసు బండి. విమానాల కంపెనీ నుంచి వచ్చిన ఫ్రాంక్ కాస్టిన్ దాని అల్యూమినియం ఒంటిని గాలి జారిపోయేలా తీర్చాడు. లోపలి కోవెంట్రీ క్లైమాక్స్ ఇంజన్ అగ్నిమాపక పంపు కోసం చేసిన దాని నుంచి పుట్టింది. ఇద్దరు మనుషులు మోసుకుపోయే పంపుకు తేలికైన ఇంజన్ కావాలి కదా, ఆ తేలికే రేసులకు పనికొచ్చింది. 1956లో లె మాన్ 24 గంటల పందెంలో 1100 సీసీ తరగతి ఎలెవెన్‌దే. రెండేళ్లలో తయారైనవి సుమారు 270 మాత్రమే కాబట్టి అసలు బండ్లు త్వరలోనే మామూలు మనిషికి అందకుండా పోయాయి.

ఆ ఖాళీలోకే నకళ్లు వచ్చాయి. 1982లో క్రిస్ స్మిత్ మొదలుపెట్టిన వెస్ట్‌ఫీల్డ్ మొదట చేసింది ఎలెవెన్ నకలునే. ఒళ్లు ఫైబర్‌గ్లాస్, లోపలి యంత్రం పాత ఎంజీ మిడ్జెట్ కారు నుంచి తీసింది. సెవెన్ సంగతి వేరు. 1973లో కొనుగోలు పన్ను పోయి వ్యాట్ రావడంతో పెట్టెల లాభం పోయింది. లోటస్ సెవెన్‌ను వదులుకుంది, హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీ తీసుకుంది. వెస్ట్‌ఫీల్డ్ సెవెన్ పోలికతోనూ కారు తెచ్చేసరికి కేటర్‌హామ్‌తో వివాదం ముదిరింది. 1980ల చివర్లో రాజీ కుదిరి, వెస్ట్‌ఫీల్డ్ తన బండి ఆకారం మార్చుకుంది. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఉపాధ్యాయుడు ఇంట్లోనే ఇలాంటి కారు కట్టుకునే విధానాన్ని పుస్తకంగా రాశాడు. చదరపు ఇనుప గొట్టాలు కొలతకు కోసి, గీసిన గీతల వెంట పేర్చి, మూలమూలా ముందు చుక్క వెల్డింగు పెట్టి, కొలత సరిచూశాకే పూర్తి వెల్డింగు చేయాలి. తర్వాత పక్కలకు అల్యూమినియం రేకు రివిట్లతో బిగించాలి. ముక్కు, మడ్‌గార్డులు ఫైబర్. ఇంజన్, గేరుబాక్సు, ఇరుసు పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌వి. ఇలా కట్టిన బండిని నకిలీ అనడం సబబు కాదు. అసలు సెవెన్ కూడా ఎక్కువగా పక్క కంపెనీ ఫోర్డ్ ఇంజన్‌తోనే నడిచింది.

మామూలు కారు యంత్రంతో తేలికైన బండి కట్టే ఈ పద్ధతిని మన దేశంలో ఒంటబట్టించుకున్నది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్లు నూలు మిల్లులు, పంపుల ఫ్యాక్టరీలు పెట్టిన ఊరది. తెలంగాణలో చౌటుప్పల్ చుట్టుపక్కల బోర్లలోకి దిగే మోటార్లు చాలా వాటి మీద ఇప్పటికీ ఆ ఊరి పేరు కనిపిస్తుంది. అక్కడి లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ రేసుల మనిషి. విదేశీ కార్ల దిగుమతికి దాదాపు తలుపులు మూసి ఉన్న రోజుల్లో, మద్రాసు దగ్గర షోలవరం పాత విమాన రన్‌వే మీద పందేలు చాలావరకు ఫియట్లు, అంబాసిడర్లు, హెరాల్డ్‌లను మార్చుకుని నడిపినవే. బెంగళూరు సిపానీ వాళ్ల డాల్ఫిన్ కారు ఒళ్లు తేలికైన ఫైబర్‌ది కావడంతో అది అక్కడ బాగా నెగ్గింది. కరివర్ధన్ 1988లో మారుతి 800 ఇంజన్‌తో తేలికైన, ఒక్క సీటు రేసు కారు చేశాడు. దాని పేరు ఫార్ములా మారుతి. సామాను ఏ ఊళ్లోనైనా దొరికేదే. తర్వాత 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడైన నారాయణ్ కార్తికేయన్ పందేలు మొదలుపెట్టింది ఈ బండితోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 2003లో కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలో తెరిచిన 2.1 కిలోమీటర్ల ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు.

సెవెన్ పోలికే ఉన్న బండి కూడా ఒకటి ఇక్కడ తయారైంది. మహారాష్ట్ర అలీబాగ్‌లోని చింకారా మోటార్స్, అంబాసిడర్‌లో వాడిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్‌తో ఫైబర్ రోడ్‌స్టర్ చేసి అమ్మింది.

ఇక్కడ ఇంట్లో కట్టిన బండికి మాత్రం రోడ్డు దొరకదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది ప్రకారం, తయారీదారు నమూనా వాహనాన్ని పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్షించి ఒప్పుకుంటేనే ఆ రకానికి రిజిస్ట్రేషన్. కంపెనీ ఇచ్చిన రూపాన్ని యజమాని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. బ్రిటన్‌లో ఒక్కో బండినీ విడిగా పరీక్షించి నంబరు ఇస్తారు. అమెరికాలో 2015 నాటి చట్టం చిన్న కంపెనీలకు ఏడాదికి 325 నకళ్ల దాకా అనుమతించింది. చౌటుప్పల్ వెల్డింగ్ షాపులో ఎవరైనా సెవెన్‌ను కొలతలతో సహా కట్టినా, షాపు ముందు నుంచే పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద దాన్ని నడపలేరు. లారీకెక్కించి చెట్టిపాళయం తీసుకెళ్లాలి.