చాస్‌నాలా: గనిని ముంచిన నీళ్లు

యువ మిత్రులారా, మీలో కొందరి ఇళ్లలో బొగ్గుబాయిలో దిగినవాళ్లు ఉన్నారు. కాంట్రాక్టు పనికి ఇప్పుడు మీరే వెళ్తున్నారు. అందుకే ఈ సంగతి.

ధన్‌బాద్ పక్కన ఝరియా బొగ్గు నేల ఉంది. అప్పుడది బిహార్, ఇప్పుడు జార్ఖండ్. అక్కడ తొలినాళ్లలో తట్టలు మోసిన కూలీల్లో సంతాలీ ఆడా మగా ఎందరో. ఆ ప్రాంతంలోనే చాస్‌నాలా గని. ఒక ఉక్కు కంపెనీది. ప్రమాదం నాటికి యాజమాన్యం ప్రభుత్వం చేతిలోనే ఉంది.

1975 డిసెంబర్ 27, శనివారం మధ్యాహ్నం. పైభాగంలో ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత గనిలో నీళ్లు నిండి ఉన్నాయి. మధ్యలో ఉన్న బొగ్గు గోడ తెగింది. నీళ్లన్నీ ఒక్కసారిగా కింద పనిచేస్తున్నవాళ్ల మీద పడ్డాయి. 375 మంది చనిపోయారు. సోవియట్ యూనియన్, పోలండ్ నుంచి కూడా పంపులు తెప్పించి నీళ్లు తోడారు. శవాలు బయటికి రావడానికే వారాలు పట్టింది.

చట్టం లేక జరిగిందా? కాదు. 1952లోనే గనుల చట్టం వచ్చింది. 1957 బొగ్గు గనుల రెగ్యులేషన్లలో నీటి ప్రమాదం గురించి స్పష్టంగానే రాశారు: నీళ్లు నిలిచిన పాత గనికి 60 మీటర్ల లోపు తవ్వాలంటే రాతపూర్వక అనుమతి కావాలి, ముందుగా బోరు వేసి చూసుకుంటూ పోవాలి. రూలు కాగితం మీద ఉంది. పాత గని ఎంతవరకు తవ్వారో కూలికి తెలియదు. ఆ నక్షాలు ఆఫీసులో ఉంటాయి. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడే.

ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది. కోర్టు కేసు మాత్రం దశాబ్దాలు సాగింది. 2012లో ఇద్దరు మాజీ అధికారులకు ఏడాది జైలు పడింది. మిగతా నిందితులు అప్పటికే చనిపోయారు.

1980ల్లో గనుల చట్టాన్ని, నిబంధనలను సవరించారు. 500 మంది, అంతకు మించి పనిచేసే గనిలో యూనియన్లతో సంప్రదించి కార్మిక ఇన్‌స్పెక్టర్లను పెట్టాలన్నారు. వాళ్లు గని అంతా తిరిగి చూడవచ్చు, చూసింది పుస్తకంలో రాయవచ్చు. భద్రతా కమిటీలు కూడా అప్పుడే వచ్చాయి. కూలి కళ్లతో చూసినదానికి చట్టంలో చోటు దొరికింది. నాకు ఇదే పెద్ద మార్పుగా కనిపిస్తుంది.

అయినా 2003 జూన్ 16న మన గోదావరిఖనిలో 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చాయి. 17 మంది పోయారు. అది చాస్‌నాలా తర్వాత దాదాపు ఇరవై ఏడున్నర ఏళ్లకు.

బాయికి వెళ్లే తమ్ముళ్లూ, మీ గనిలో కార్మిక ఇన్‌స్పెక్టర్ ఎవరో మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి. పక్కన పాత గని ఉందా, అందులో నీళ్లున్నాయా అని కూడా అడగండి.